కరిగిన ఐసుకి బిల్లు

చేపల రేవులో మా ఐసు ఫ్యాక్టరీకి
సర్వే కుర్రాడొచ్చాడు,
చేతిలో ట్యాబు, ముక్కుకి కర్చీఫు, బూట్లకి పొలుసులు.
"మేడం, వ్యాపార ఖర్చులు పెరిగితే
రాష్ట్రం బలం తగ్గుతుందా?
అవును, కాదు, చెప్పలేను.
మూడిట్లో ఒకటి నొక్కండి."

కూర్చో నాయనా.
ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల మీదే పద్దు రాస్తున్నాను.
నీ మూడు గడుల్లో పట్టేది కాదు గానీ
టీ తాగు, చెబుతాను.

ఇదిగో ఈ నెల కరెంటు బిల్లు.
కింద నుంచి నాలుగో గీత, సర్దుబాటు ఛార్జీ.
మూడేళ్ల కిందట వాడిన యూనిట్లకి
అప్పుడు తక్కువ తీసుకున్నారట, ఇప్పుడిమ్మంటారు.
మూడేళ్ల కిందటి ఐసు!
దాని మీద పడుకున్న చందువాలు
ఏ ఊళ్లో ఏ పులుసులో ఉడికాయో,
తిన్నవాళ్లు చెయ్యి కడుక్కుని మరిచిపోయారు.
ఆ దిమ్మల్ని ఎక్కడ వెతికి
ఎవరి దగ్గర వసూలు చెయ్యను?

ఇంకో గీత, డిమాండ్ ఛార్జీ.
వేట నిషేధం అరవై ఒక్క రోజులూ
బోట్లు జెట్టీలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే
మా కంప్రెసర్ పక్కన పిల్లి పిల్లల్ని పెట్టింది.
తిరగని మోటారుకీ బిల్లొచ్చింది.
పిల్లి ఏమీ కట్టలేదు.

ఒడిశా పోదామా, అక్కడ యూనిట్ చవకట,
అని మా రాజుగారు ఓ రాత్రి గొణిగి
పొద్దున్నకి దిమ్మకి పది రూపాయలు పెంచారు.
దాని సంగతి నా పుస్తకంలో కనపడలేదు,
రేవులో కనపడింది.
పెంటకోట దానయ్య బోటు
ఎనభై దిమ్మలెత్తేది, అరవయ్యే ఎత్తింది.
"ఆరో రోజుకే తిరిగొచ్చీసినామమ్మా,
ఐసు సాల్నేదు."
అడుగు పొరలో మెత్తబడ్డ కానాగంతలు
సత్తెమ్మ తట్టకి ఎక్కలేదు,
ఎండుచేపల కళ్లానికి పోయాయి.
సత్తెమ్మ ఆవేళ పూర్ణా మార్కెట్‌కి ఆటో ఎక్కలేదు.
ఆ పది రూపాయలు అలా నడిచి నడిచి
ఎక్కడ ఆగాయో నాకు తెలీదు.
ఏ ఆఫీసు పట్టికలోనో
చుక్క తర్వాత రెండో అంకె
ఒకటి తగ్గిందేమో.

అయితే "అవును" నొక్కెయ్యమంటావా?
ఆగు.
ఇదే పద్దులో, ఇదే సిరాతో
సింహాద్రప్పడి కూలి రాసుంది.
కిందటి దసరాకి రోజుకి ఎనభై పెంచాం.
అదీ ఖర్చే.
ఆ ఎనభైతో వాళ్ల గుంట
ఐటీఐలో ఫిట్టరు సీటు నిలబెట్టుకుంది.
గ్యాసు లీకు పసిగట్టే మీటరు, ముప్పై ఎనిమిది వేలు.
అదీ ఖర్చే.
అది లేని ఏళ్లు చవగ్గానే గడిచాయి,
అప్పుడు వాసన పట్టడానికి అప్పడి ముక్కుండేది.
ఇప్పుడా ముక్కుకి
మల్లెపువ్వూ మాగిన చేపా ఒకటే.

మొన్న బీచ్ రోడ్డు హోటల్లో సదస్సు.
ఊరంతా ఫ్లెక్సీలు: రండి, ఇక్కడ ఖర్చు తక్కువ.
ఎవరి వంతులోంచి తగ్గించారో
ఫ్లెక్సీ వెనక్కి వెళ్లి చూశాను,
సరుగుడు కర్రలే ఉన్నాయి.
ఆ విందులో రొయ్యల కింద పరిచిన ఐసు మాదే.
డబ్బు ఇంకా రాలేదు, తొంభై రోజుల గడువట.
ఈలోగా వడ్డీ మాది.

బలం సంగతి నాకు తెలీదు. తూకం తెలుసు.
దిమ్మ తొట్టిలోంచి లేచేటప్పుడు యాభై కిలోలు,
బోటులో దిగేసరికి నలభై ఆరు.
అది ఎండ వాటా, ఇవ్వాల్సిందే.
నలభైకి దిగిందంటే
ఎక్కడో గోనెపట్టా చిరిగింది,
లేదా ఎవరో గేటు దగ్గర బండి ఆపారు.
ఎండ ఎంత తిన్నదో, గేటు ఎంత తిన్నదో
విడదీసి అడగమను మీ ఫారాన్ని.

కుర్రాడు తలూపాడు.
ఆరిపోయిన తెర మీద వేలు రాశాడు,
"చెప్పలేను" నొక్కాడు.

అదేంటి నాయనా,
ఇంతసేపూ చెప్పిందేంటి?

వెళ్లాక పద్దు తీశాను.
టీ ఒకటి, పన్నెండు రూపాయలు.
ఇతర ఖర్చులు.